కార్డు చూపించమ్మా

ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాశాను: "ఇవాళ ఒకామెను కార్డు అడిగాను." మామూలుగా నేను పేజీకి తక్కువ రాయను. రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళ చెప్పుల గురించి కూడా రాసే అలవాటు నాది. ఆ పేజీలో మాత్రం మిగిలిన గీతలన్నీ ఖాళీగానే ఉండిపోయాయి. వాటి మీద రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఏదో ఒక కిటికీ వెనక, మొదటి ఉద్యోగంలో, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని కూర్చోబోయే మీలాంటివాళ్ళ కంట పడుతుందని.

పలాస నుంచి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద, ఉద్దానంలోని ఒక ఊళ్ళో, మద్యం దుకాణంలో రెండేళ్ళు బిల్లింగు చేశాను. అంతకు ముందు పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో చిట్టాలు టైపు చేసేదాన్ని. అక్కడ మనుషుల్ని తగ్గించినప్పుడు ముందుగా నన్నే తగ్గించారు. నేను అడగనని వాళ్ళకు తెలుసు. ఈ ఉద్యోగం గురించి చెప్పినప్పుడు అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆదివారం. మందిరం మెట్ల మీద ఎవరో అడిగితే, "మా అమ్మాయి కంపెనీలో బిల్లింగు చేస్తుంది" అని చెప్పింది. నేను తల దించుకుని నా చెప్పులు వెతుక్కున్నాను. అప్పటినుంచి మా ఇంట్లో ఆ దుకాణం పేరు కంపెనీయే.

నాకు పొట్టి శరీరం, సన్నటి గొంతు. ఇరవై ఆరేళ్ళ వయసులో కూడా బస్సులో కండక్టరు "ఏ స్కూలు పాపా?" అని అడిగేవాడు. హరిశ్చంద్రపురంలో రైలెక్కి పలాసలో దిగి, అక్కడినుంచి ఆటోలో వెళ్ళేదాన్ని. దుకాణం ముందు భాగమంతా ఇనుప జల్లెడ. చెయ్యి పట్టేంత కంత ఒకటి డబ్బుకు, సీసా పట్టేంత కంత ఒకటి సరుక్కు. సీసా మీది గీతలకు చేతిలోని యంత్రం చూపిస్తే కీచుమంటుంది, బిల్లు వస్తుంది. నా పనల్లా ఆ కీచు. మధ్యలో ఖాళీ దొరికితే బల్ల సొరుగులో పుస్తకం తెరిచి పెట్టుకుని చదివేదాన్ని.

లోపల నాతో ఇద్దరు. సూపర్‌వైజరు కోటబొమ్మాళి ఆయన, యాభై దాటిన మనిషి. గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు. నన్ను తల్లీ అనేవాడు. సీసాలు అందించే సేల్స్‌మన్‌ది టెక్కలి. నోరు ఊరుకోదు. చుట్టుపక్కల పేటలన్నిట్లో అతనికి బావలూ మావలూ ఉన్నారు. నన్ను సెల్లెమ్మా అనేవాడు. నేను సొరుగులో చదవడం చూసి, "ఏటి సెల్లెమ్మా, ఆ పుస్తకంలో మన దుకానం గురించి రాసుందేటి?" అని రోజుకోసారైనా అనకపోతే అతనికి అన్నం సయించేది కాదు.

ఒకసారి తనిఖీకి వచ్చినవాళ్ళు, చిన్నవాళ్ళకు సరుకు అమ్ముతున్నారని ఫిర్యాదు ఉందని యజమానితో చెప్పి వెళ్ళారు. మర్నాటికి జల్లెడకు బోర్డు వేలాడింది: ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మబడదు, గుర్తింపు కార్డు చూపవలెను. మంచి మాటే. ఆ వారమే ఒక నూనూగు మీసాల కుర్రాణ్ణి సేల్స్‌మన్ కార్డు అడిగాడు. అతను వెళ్ళి ముగ్గుర్ని వెంటేసుకుని వచ్చాడు. జల్లెడ ఊగింది. సూపర్‌వైజరు బయటికి వెళ్ళి, వాళ్ళ భుజాల మీద చేతులు వేసి, కావలసింది ఇప్పించి పంపాడు. ఆ తర్వాత మగవాళ్ళనెవరినీ కార్డు అడగలేదు.

మరి బోర్డు ఉందిగా? తనిఖీవాళ్ళు మళ్ళీ వస్తే, అడుగుతున్నామని చూపించాలిగా?

దారి చూపించింది రోజూ వచ్చే ఒకాయన. పెద్దమనిషి, తెల్ల చొక్కా. జల్లెడకు నోరు ఆనించి సూపర్‌వైజరుతో అన్నాడు: "మా ఊరి ఆడోల్లు మా ఎనకాలే లైన్లో నిలబడతన్నారు మావా. మాకేటి మర్యాద? ఇంటికెల్లేసరికి మా ఇంటిదానికి ఎన్ని పట్టుకెల్లినానో లెక్కతో సహా తెలిసిపోతంది." లైనంతా నవ్వింది. సూపర్‌వైజరు నవ్వలేదు. ఆ సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పాడు.

"ఆడోల్లొస్తే నువ్వు కార్డడుగు తల్లీ. ఆడపిల్ల ఆడమనిషిని అడిగితే గొడవుండదు."

"పెద్దవాళ్ళొస్తేనో?"

"పెద్దోల్లని మనకెలా తెలుస్తాది? కార్డు సూస్తేనే కదా తెలిసేది."

తలూపాను. అలా ఆ సీటు నాదైంది.

వచ్చే ఆడవాళ్ళు రోజుకు పది మంది ఉంటారేమో. ఎక్కువమంది జీడిపిక్కలు కొట్టే పనివాళ్ళు. జీడి సొన తినేసిన వేళ్ళు నల్లగా, చిట్లి ఉండేవి. రోజంతా మఠం వేసుకుని కూర్చున్న నడుము నిద్రపోనివ్వదని ఒక క్వార్టరు కొనుక్కునేవాళ్ళు. కొందరు మంచాన పడ్డ మగవాళ్ళ కోసం వచ్చేవాళ్ళు. "కార్డు చూపించమ్మా" అంటే నా మొహంలోకి చూసేవాళ్ళు. కొందరు తిట్టేవాళ్ళు. కొందరు మర్నాడు కార్డు తెచ్చేవాళ్ళు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి ఇచ్చేసేదాన్ని. ఒక్క కార్డు మీద కూడా పుట్టిన తేదీ చదివిన గుర్తు లేదు. నెల తిరిగేసరికి ఆడవాళ్ళు రావడం దాదాపుగా మానేశారు, లేదా మగవాళ్ళను పంపారు. సూపర్‌వైజరు సంతోషించి నా బల్ల పక్కకు ఫ్యాను మార్పించాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అడగమన్నందుకే అడిగాను అంటే అది సగమే నిజం. చిన్నప్పటినుంచి నలుగురి ముందు నోరు తెరవాలంటే నాకు చెమటలు పట్టేవి. రెండు ముక్కల వాక్యం ఒకటి తయారుగా నా చేతికిచ్చారు. అది అన్నప్పుడల్లా ఎదుటి మనిషి ఆగిపోయేది. నా గొంతు విని ఎవరైనా ఆగడం నా జీవితంలో అదే మొదలు. అది నాకు నచ్చింది.

వేసవిలో రెండు నెలలు సముద్రం మీద వేట ఆపేస్తారు. ఆ నిషేధం ముగిసిన మర్నాడు దుకాణం తెరవకముందే రోడ్డు దాకా లైను. పదిన్నర ప్రాంతంలో కంతలోంచి ఒక చెయ్యి వచ్చింది. జీడి మరకలు లేవు. ఎండకు కాగిన చెయ్యి, మణికట్టు దాకా ఉప్పు పొడలు, గాజులు లేవు. జల్లెడ అవతల మనిషికి నలభై అయిదేళ్ళుంటాయి. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. బొట్టు లేదు. నీలంరంగు చీర కొత్తది, మడతల గీతలు ఇంకా పోలేదు.

"ఫుల్లు సీసా ఒకటియ్యి పాపా. మూత బిగువుగా ఉన్నది సూసి ఇయ్యి."

"కార్డు చూపించమ్మా."

"ఏటి కార్డు?"

"వయసు కార్డు. ఇరవై ఒకటి నిండాయని."

ఆమె ముందు నమ్మలేదు. తర్వాత నవ్వింది. నిజంగానే నవ్వొచ్చి నవ్వింది. "ఓలమ్మా! నాకు మనవరాలుంది పాపా. నడుస్తంది కూడా."

వెనకనుంచి ఎవరో అన్నారు: "అయితే మనవరాల్ని తీసుకురా, సాచ్చికం సెప్తాది!" లైను ఘొల్లుమంది. ఆమె వెనక్కి తిరిగి వాళ్ళను చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. ఈసారి నవ్వలేదు.

"కార్డు ఇంటికాడుంది. ఇంటికెల్లి రావాలంటే రెండు ఆటోలు మారాల. మజ్జాన్నం పోటుకి పడవ దించుతారు. ఇయ్యి పాపా, నీకు పున్నెముంటాది."

సేల్స్‌మన్ సీసా చేత్తో పట్టుకునే నా దగ్గరికి వంగాడు. ఆమె అతనికి తెలుసు. ఆమె మొగుడు తనకు వరసకు బావట, కిడ్నీ జబ్బుతో ఆ మాఘమాసంలో పోయాడట. పడవ అతనిదీ తమ్ముడిదీ చెరిసగం. వాళ్ళ పేటలో ఒక పద్ధతుంది. నిషేధం తర్వాత మొదటిసారి పడవ దించేటప్పుడు, దాని ముక్కు మీద గంగమ్మకని సీసా పొయ్యాలి. ఎవరు పోస్తే ఆ ఏడాది పడవ మీద మాట వాళ్ళది. వేటకు ఎవరు వెళ్ళాలో, చేప ఎవరికి అమ్మాలో వాళ్ళు చెప్తారు. ఆ సీసా ఆ పొద్దున్నే కొనాలి, తమ చేత్తో కొనాలి, మూత విప్పకుండా తీసుకువెళ్ళాలి. ఇన్నేళ్ళూ పోసింది ఆమె మొగుడు. ఇప్పుడు ఆమె పోస్తే సగం వాటా ఆమెదని పేటంతా ఒప్పుకున్నట్టే.

ఇదంతా అతను నాకు నాలుగు ముక్కల్లో చెప్పాడు. చివర, "ఇచ్చీ సెల్లెమ్మా, ఏటౌతాది?" అన్నాడు.

తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సూపర్‌వైజరు వైపు చూశాను. ఆయన స్టాకు పుస్తకంలోంచి తలెత్తలేదు. "రూలు అందరికీ ఒకటే తల్లీ" అన్నాడు. జల్లెడ అవతల కనీసం నలభైమంది మగవాళ్ళున్నారు. అందులో ఒక్కడి కార్డు కూడా ఆ పొద్దున్నే కాదు, ఏ పొద్దునా నేను చూడలేదు.

అప్పుడు నేనొక సలహా ఇచ్చాను. ఇప్పటికీ నన్ను తినేది కార్డు అడగడం కన్నా ఆ సలహాయే. "ఎవరైనా మగవాళ్ళతో కొనిపించుకో అమ్మా" అన్నాను, ఉపకారం చేస్తున్నట్టు.

వెనకాయన వెంటనే చెయ్యి చాపాడు. "నాకియ్యి అప్పా, నాను కొనిపెడతాను."

ఆమె డబ్బును గుప్పిట్లోకి లాక్కుంది. ఆయనతో కాదు, నాతో మాట్లాడింది, చాలా తగ్గు గొంతుతో.

"మగోడు కొంటే పడవ మగోడిదే అవుతాది పాపా. దానికే కదా నానొచ్చినాను."

యంత్రం నా చేతిలోనే ఉంది. సీసా జానెడు దూరంలో ఉంది. ఒక్క కీచు. సూపర్‌వైజరు ఏమీ అనడని నాకు తెలుసు. ఆయన గొంతే పెంచడు. కానీ అంతమంది చూస్తుండగా నేను అన్న మాట నేనే వెనక్కి తీసుకోవాలి. "తర్వాత ఎవరండీ?" అన్నాను.

ఆమె పక్కకు జరిగి జల్లెడ పట్టుకుని కొంతసేపు నిలబడింది. నేను నాలుగైదు బిల్లులు కొట్టాను. మళ్ళీ చూసేసరికి లేదు. పలాస వైపు వెళ్ళే ఆటో ఎక్కిందని సేల్స్‌మన్ అన్నాడు. లైన్లో ఒకడు ఫోనులో ఎవరికో చెప్పి నవ్వుతున్నాడు: "మీ వొదిన్ని కార్డు అడిగినారు బావా."

ఇంకో అరగంటకు బండి మీద ఒకతను వచ్చాడు. చొక్కా గుండీలు హడావిడిగా పెట్టుకున్నట్టున్నాయి. లైనువాళ్ళు దారిచ్చారు.

"ఫుల్లు సీసా. మూత బిగువుగా ఉన్నది సూసి."

అవే మాటలు. చెయ్యి మీద అవే ఉప్పు పొడలు. సేల్స్‌మన్ సీసా తెచ్చి నా ముందు పెట్టాడు గాని చేత్తో వదల్లేదు. నన్ను చూస్తున్నాడు. నేను అతన్ని అడగవలసింది రెండే మాటలు, నాకు బాగా వచ్చిన మాటలే. అతని జేబులో కూడా కార్డు ఉండి ఉండదు.

అడగలేదు. యంత్రం కీచుమంది. బిల్లు చింపి ఇచ్చాను.

నాలుగు రోజుల తర్వాత సేల్స్‌మన్ ఆ పేటకు వెళ్ళి వచ్చి చెప్పాడు. అతని నోట జోకు లేకుండా మాట వినడం నాకదే మొదటిసారి. ఆమెకు పలాసలో సీసా దొరికింది. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. మళ్ళీ రెండు ఆటోలు మారి ఒడ్డుకు చేరేసరికి పోటు దాటిపోయింది. పడవలన్నీ నీళ్ళ మీదున్నాయి. మరిది దుర్మార్గుడేమీ కాదట. "వదిన రాలేదు, పోటు ఆగదు కదా" అని పేట పెద్దలతో చెప్పి, తనే పోశాడు. ఆ మాటలో అబద్ధం కూడా లేదు. ఆ ఏడాది పడవ మాట అతనిదైంది. ఆ ఏడాదిది మరుసటి ఏడాదికి అలవాటవుతుంది. ఆమె ఒడ్డు మీద చీర కొంగులో సీసా పట్టుకుని, పడవ కనిపించినంతసేపూ నిలబడి, ఇంటికి వెళ్ళిపోయిందట.

సూపర్‌వైజరుకు చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. నాలుక చప్పరించాడు. "మనం రూలు పాటించినాం తల్లీ. మనమేటి సేత్తాం?" అని నాకు టీ తెప్పించాడు. తాగాను.

కథల్లో అయితే ఆ మర్నాడే ఉద్యోగం మానేసేవాళ్ళు. నేను ఇంకో ఎనిమిది నెలలు చేశాను. ఫ్యాను పక్కనే కూర్చున్నాను. కార్డు అడుగుతూనే ఉన్నాను. ఒకరికి మానేస్తే మిగతావాళ్ళకు ఎందుకు అడిగానో నాకు నేనే జవాబు చెప్పుకోవలసి వచ్చేది. చివరికి యజమాని తన దగ్గరి బంధువును నా సీట్లో కూర్చోబెట్టుకుని నన్ను పంపేశాడు. ఈసారి కూడా నేను అడగలేదు. ఇప్పుడు టెక్కలిలో ఒక జెరాక్సు దుకాణంలో పని చేస్తున్నాను. రోజంతా జనం గుర్తింపు కార్డులే తెచ్చి ఇస్తారు, రెండు వైపులా తీసి ఇవ్వమని.

మళ్ళీ వేసవి వచ్చింది. నాకు పుస్తకాలు ఎక్కువయ్యాయనుకుంటాను. పుస్తకాల్లో మనిషిలాగా ఒక పని చెయ్యాలనిపించింది. నిషేధం ముగిసిన మర్నాడు సెలవు పెట్టి పలాస వెళ్ళాను. ఒక మద్యం దుకాణం ముందు లైన్లో నిలబడ్డాను. అమ్మ చూస్తే అక్కడే ప్రాణం వదిలేది. నా వంతు వచ్చింది. ఫుల్లు సీసా అన్నాను. జల్లెడ వెనకాయన నన్ను కిందనుంచి పైకి చూశాడు.

"కార్డు సూపించు పాపా."

ఇచ్చాను. అతను కార్డు చూడలేదు. నా మొహం చూశాడు, నా వెనక లైనును చూశాడు. వాళ్ళు నవ్వాక కార్డు తిరిగి ఇచ్చి సీసా ఇచ్చాడు. ఆ పద్ధతి నాకు బాగా తెలుసు. జల్లెడకు రెండో వైపునుంచి చూడటం మాత్రం అదే మొదలు.

ఆమె అప్పటికి పలాసలోనే ఒక జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతోందని సేల్స్‌మన్ చెప్పి ఉన్నాడు. మధ్యాహ్నం అన్నాల వేళ గేటు దగ్గర నిలబడ్డాను. గేటు పక్కన నీడలో ఆడవాళ్ళు డబ్బాలు విప్పుకుంటున్నారు. ఆమెను నేను పోల్చుకునేలోపే ఆమె నన్ను పోల్చుకుంది. చేతులకు ఇప్పుడు ఉప్పు పొడలు లేవు. వేళ్ళు నల్లబడ్డాయి.

"నువ్వు ఆ జల్లెడ ఎనకాల పాపవి కదూ?"

ఔనన్నాను. సంచీలోంచి సీసా తీసి ఇచ్చాను. రైల్లో సాధన చేసుకున్న మాటలేవీ రాలేదు. "ఈ ఏడాది పడవకని" అన్నాను.

ఆమె అందుకుని ముందుగా మూత చూసింది. వేలితో తిప్పి చూసింది. బిగువుగానే ఉంది.

"నీ సేత్తో కొన్నావా?"

"అవునమ్మా."

"అయితే నీది. నానేటి సేసుకుంటాను?" సీసా నా సంచీలోనే పెట్టేసింది. "నా సేత్తో కొన్నది ఇంట్లోనే ఉంది. మూత తియ్యనేదు."

నేను ఏడవబోతున్నానని తెలుస్తోంది. ఆమె విసుక్కుంది. "ఏలేడుత్తావు? ఊరుకో." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి చాపింది. "కార్డుందా నీకాడ? సూపించు."

తీసి ఇచ్చాను. ఆమె దాన్ని దూరంగా పట్టుకుని, బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసింది. అక్షరాలు ఆమెకు రావు. "ఇందల ఎన్నేల్లని రాసుంది?"

"ఇరవై ఏడు."

"మరి అప్పుడో?"

"ఇరవై ఆరు."

లోపల పని గంట మోగింది. ఆడవాళ్ళు డబ్బాలు మూసి లేస్తున్నారు.

"ఇంతే ఉన్నావని సిన్నపిల్లవనుకున్నాను. ఎవలో అనమన్న మాట అనేసింది, దానికేటి తెలుసు అనుకుని, ఇన్నాల్లూ నిన్నొక్క మాటా తిట్టనేదు."

కార్డు నా చేతిలో పెట్టి గేటు లోపలికి వెళ్ళిపోయింది.

రైల్లో సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. కార్డు చేతిలోనే ఉంది. బొమ్మ పక్కన జీడి సొన అంటి వేలిముద్రంత నల్ల మరక పడింది. చీర కొంగుతో తుడిస్తే పోలేదు. దాని కిందే పుట్టిన తేదీ ఉంది. కార్డులు అడిగిన అన్నాళ్ళలోనూ నేను చదవనిది అదొక్కటే. హరిశ్చంద్రపురం వచ్చేదాకా దాన్నే చదువుకుంటూ కూర్చున్నాను.